కొర్రమట్ట ఎక్కడ కొరుకుతుందంటే

నా చిన్నప్పుడు మా గల్లీలో గాలం పట్టిన పిల్లలందరిలోకీ చేప పడని చెయ్యి నా ఒక్కదానిదే. మొఘల్‌పురాలో మా ఇంటి నుంచి బయలుదేరి, యాకుత్‌పురా స్టేషన్ పక్కన పట్టాలు దాటి, ఇంకో అరగంట నడిస్తే ఒక చెరువుండేది. ఇప్పుడక్కడ చెరువు లేదు, మూడంతస్తుల ఇళ్లున్నాయి. వానాకాలం ఆ ఇళ్ల మెట్ల మీదికి నీళ్లొచ్చినప్పుడు మాత్రం అందరికీ చెరువు గుర్తొస్తుంది. సెలవు రోజుల్లో, బడి ఎగ్గొట్టిన రోజుల్లో నలుగురం కలిసి అక్కడికి పోయేవాళ్లం. మిగతా ముగ్గురికీ పరకో జెల్లో ఏదో ఒకటి పడేది. నాకు మాత్రం తుంగ వేర్లు పడేవి. ఒకసారి ఎవరిదో చెప్పు పడింది.

దర్జీవాళ్ల అబ్బాయి నన్ను పనౌతీ అనేవాడు, అంటే వెంట ఉంటే చాలు పని చెడిపోయే మనిషి అని. "రేపటి సంది నువ్ రాకు. నువ్వొస్తే మాక్కూడ పడతలేవ్" అని ఓ రోజు మొహం మీదే చెప్పేశాడు. నాకప్పుడు పదేళ్లు. ఒక మాట అంటే పది మాటలు అప్పజెప్పే రకాన్ని. వచ్చే ఆదివారం నేనొక కొర్రమట్టను పడతాను, అది ఎక్కడ పడుతుందో కూడా ముందే వేలు పెట్టి చూపిస్తాను, అలా జరగకపోతే మళ్లీ చెరువు మొహం చూడను అని ఒట్టేశాను. ఇంటికొస్తుంటే గానీ తెలిసిరాలేదు నేనెంత పెద్ద మాట అన్నానో.

బయట అంత లేచే నోరు ఇంట్లో లేచేది కాదు. మా ఇల్లు అప్పుడలా ఉండేది. మా బాపు రేకు సందూకులు, అంటే ట్రంకుపెట్టెలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ ఏడు ఎండాకాలం అక్కడ రేకు నొక్కే ప్రెస్సు ఒక అన్న కుడిచేతి మీద దిగింది. పెళ్లయి ఆర్నెల్లు కూడా కాలేదు ఆయనకు. నాలుగు వేళ్లు పోయాయి. కాలితో తొక్కకుండానే ప్రెస్సు దిగుతోందని అంతకుముందే మా బాపు, అక్కడే పనిచేసే మా పక్కింటి తాత కలిసి వెళ్లి మున్షీకి రెండుసార్లు చెప్పి వచ్చారట. మున్షీ అంటే ఆ కార్ఖానాను నడిపించే మనిషి, సేఠ్‌కు కుడిభుజం. ఇప్పుడు విచారణ పెట్టారు. మిషన్‌ది తప్పని తేలితే ఆ అన్నకు బతికినన్నాళ్లూ ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. ఆయనే అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని తేలితే ఏమీ రాదు. దగ్గరుండి చూసినవాళ్లు ఇద్దరే ఇద్దరు, మా బాపు, తాత.

తాత విచారణకు వెళ్లి మిషన్ బాగానే ఉండెనని చెప్పి వచ్చేశాడు. బాపు వంతు ఇంకా రాలేదు.

మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడలో జానెడు కిటికీ ఒకటుండేది. కూరగిన్నెలు, అగ్గిపెట్టెలు, నేను పుట్టాక ఉగ్గుగిన్నె, అన్నీ అందులోంచి అటూ ఇటూ తిరిగినవే. ఆ సాయంత్రం మా బాపు ఒక సందూకు రేకు తెచ్చి ఆ కిటికీకి అడ్డంగా మేకులు కొట్టేశాడు. అమ్ముడుపోయిన మనిషి గాలి కూడా ఈ ఇంట్లోకి రావద్దన్నాడు. బుద్ధి మారినంక పనికి రమ్మని బాపుకు మున్షీ కబురు పెట్టాడు. బాపు బుద్ధి మారలేదు. మా అమ్మ గాజులకు రాళ్లు అతికే పని ఇంటికి తెచ్చుకుంది. పొద్దంతా వంగి అతికి అతికి అమ్మ మెడ పట్టేసేది, అయినా బాపును ఒక్క మాట అనేది కాదు. ఆ అన్న బతుకు తన నోటి మీద ఉందని బాపు అనేవాడు. నాకు మా బాపు అంటే మహా గర్వంగా ఉండేది.

ఇక చేపల సంగతి. తాత కూడా అదే చెరువుకు వచ్చేవాడు. మనుషులెవరూ పలకరించక, పని లేని పూటంతా అవతలి ఒడ్డున తుంగలో ఒక్కడే కూర్చునేవాడు. ఆయన గాలం వేసిన చోట చేప పడని రోజు లేదని గల్లీ అంతా చెప్పుకునేది. నేను బాపు మాట మీరి ఆయన దగ్గరికి పోయాను. నా పంతం అలాంటిది. మొదటి రోజు ఆయన నన్ను చూడనట్టే ఉన్నాడు. రెండో రోజు ఇంటికి పొమ్మన్నాడు. మూడో రోజు కూడా వెళ్లి కూర్చుంటే నిట్టూర్చి, లేచి, తుంగ చివర నీళ్లలోకి చూపించాడు.

అక్కడ నీళ్ల మీద పళ్లెమంత మేర ఎర్రగా ఉంది. కాసేపటికి ఆ ఎరుపు కదిలింది. అవి చేపపిల్లలు, వడ్లగింజంతవి, వేలకు వేలు, ఒకదాన్నొకటి అంటుకుని తిరుగుతున్నాయి. గాలి కోసం అన్నీ ఒక్కసారే పైకొచ్చి నీళ్లను కుతకుతలాడించి మళ్లీ దిగుతున్నాయి. గాలానికి చిన్న కప్పను కట్టి సరిగ్గా ఆ ఎరుపు మధ్యలో వెయ్యమన్నాడు, మూడు లెక్కపెట్టేలోపు కొర్రమట్ట కొరుకుతుందన్నాడు. ఎందుకు కొరుకుతుందని అడిగాను.

"చెప్తే నవ్వుతవ్ బిడ్డా. చూస్తే నవ్వవు" అన్నాడు.

ఆదివారం వచ్చింది. ముగ్గురినీ తీసుకుని అవతలి ఒడ్డుకు పోయాను. తాత దూరంగా తన చోట తాను కూర్చునే ఉన్నాడు. ఎర్రటి మడుగు ముందటి రోజు చోటు నుంచి నాలుగడుగులు జరిగింది, అంతే. నేను రాణిలాగా వేలు చాపి, ఇక్కడ, మూడులోపల, అన్నాను. దర్జీవాళ్ల అబ్బాయి పగలబడి నవ్వాడు. గాలం వేశాను. ఒకటి అన్నాను. రెండు అన్నాను. మూడు నా నోట్లోనే ఉండిపోయింది. కర్ర ధనుస్సులా వంగింది. నలుగురం కలిసి గుంజితే గానీ ఒడ్డెక్కలేదు అది. నా చేతంత పొడుగు, నల్లగా, బలంగా, ఒడ్డు మీద పడి కూడా నీళ్లకేసి పాకడానికే చూసింది. నన్ను భుజాన మోయడమొకటే తక్కువ. ఆ రోజుతో నా పనౌతీ పేరు పోయింది.

వాళ్లు చేపను చొక్కాలో చుట్టుకుని ముందు నడిచారు. నేనూ వెళ్లబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. "నువ్వుండు. ఇంక కాలే" అన్నాడు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం నీళ్లకేసి చూశాం. మొదట ఆ ఎరుపు అక్కడక్కడే సుళ్లు తిరిగింది. తరువాత కొంచెం విడిపోయింది. అంతవరకూ ఎక్కడున్నాయో తెలియని జెల్లలు, పరకలు కిందనుంచి వచ్చాయి. ఒక కొంగ వచ్చి నిలబడింది, దాన్ని చూసి రెండోది వచ్చింది. అవేమీ తొందరపడలేదు. పిల్లలు గాలి కోసం పైకొచ్చేవి, కొంగలు ఏరుకునేవి. కిందికి దిగితే జెల్లలు కాచుకుని ఉండేవి. నేను రాళ్లు విసిరాను. కొంగలు ఎగిరి మళ్లీ అక్కడే వాలాయి. ఎంతసేపు పట్టిందో చెప్పలేను గానీ, చివరికి నీళ్లు మామూలు నీళ్ల రంగుకొచ్చాయి. నేను ఏడుస్తున్నాను. తాత ఓదార్చలేదు.

"రెండు కావలుంటయ్ పిల్లలకు, తల్లీ తండ్రీ. ఒకటి మొన్ననే ఎవరి గాలానికో పోయింది. నువ్వు పట్టింది రెండోది" అన్నాడు. దానికి ఆకలి లేదట. పిల్లల్ని కాసినన్నాళ్లూ అది సరిగా తినను కూడా తినదట. పిల్లల మీదికి ఏది వచ్చినా, కప్పైనా కట్టెపుల్లైనా, మీద పడి కొరుకుతుందట.

"ఆకలైన చేప యాడ కొరుకుతదో ఆ దేవునికి గూడ తెల్వదు. పిల్లలున్న చేప యాడ కొరుకుతదో ఎవ్వనికైన తెలుస్తది" అన్నాడు. నా మొహం చూడకుండా, "నా కొడుకును తెల్లారి అదే మిషన్ మీద కూసోబెడుతమన్నరు బిడ్డా" అన్నాడు.

అంతే చెప్పాడు. మీ బాపుకు చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆయన కొడుకు ఆ ఏడే కార్ఖానాలో చేరిన సంగతి నాకు తెలుసు. పదేళ్ల బుర్రకు ఆ రెండు సంగతులూ ఒకచోట పెట్టుకోవడానికి ఇంటిదాకా నడక పట్టింది.

ఆ నడక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది మాత్రం పోలేదు. గల్లీ మొదట్లో వాళ్లు నా కోసం ఆగి ఉన్నారు. చేపను నా చేతికిచ్చారు. ఏడ్చిన కళ్లు తుడుచుకున్నాను, అంతే, మళ్లీ పదేళ్ల పిల్లనైపోయాను. చేపను మెడలో దండలా వేసుకుని, వాళ్లు రేకు డబ్బా వాయిస్తుంటే, కావాలనే కార్ఖానా గేటు ముందునుంచి ఊరేగాను. మా బాపును వద్దన్న గేటు కదా, చూడనీ అని నా ఉద్దేశం. ఎక్కడ పట్టావని వాచ్‌మన్ అడిగితే చెరువు పేరు, పోయే దోవ, ఏ పూట పోతామో కూడా గొప్పగా చెప్పాను. మున్షీ లోపలినుంచి చూస్తూ ఉన్నాడు.

ఇంట్లో చాలా రోజులకు చేపల పులుసు వాసన వచ్చింది. ఎవరు నేర్పారని బాపు అడిగితే నేనే పట్టానన్నాను. ఆ రోజు బాపు నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో. నా ముక్క తీసి ఆయన కంచంలోనే వేశాను.

నాలుగు రోజుల తరువాత మధ్యాహ్నం పూట మున్షీ మా ఇంటికొచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. బాపు లేచి నిలబడ్డాడు, కూర్చోమనలేదు. మున్షీ తనే మంచం మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు. నేను కదలకపోతే తనే లేచి వచ్చి డబ్బా నా చేతిలో పెట్టాడు. బడి సంగతి అడిగాడు, కొర్రమట్ట సంగతి అడిగాడు, మస్తు హుషారుగా ఉన్నానని మెచ్చుకున్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచి బాపుతో మాట్లాడాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే పక్కగదిలో అమ్మ రాళ్లు అతికే చప్పుడు కూడా వినబడింది.

"రోజు పట్టాలు దాటి పోతదట గదా భాయ్ చెరువుకు. రైళ్లు తిరిగే జాగ. నీళ్లు గూడ లోతు. ఒక్కగానొక్క బిడ్డ నీకు. జర ఖయాల్ ఉంచు."

మిషన్ మాట ఎత్తలేదు. ఆ అన్న పేరెత్తలేదు. వాకిట్లోకి వెళ్లి చెప్పులు వేసుకుంటూ, విచారణ చేసే సాబ్ రేపు పదింటికి వస్తున్నాడని మాత్రం చెప్పాడు.

మా బాపు కోపిష్టి. గల్లీలో ఎవరితోనైనా లొల్లికి దిగే మనిషి. నేను ఆయన మొహం చూశాను. ఆయన మున్షీ వైపు చూడలేదు, నా తల మీద ఇంతకుముందు ఆ చెయ్యి ఉన్న చోటును చూస్తున్నాడు. పక్కగదిలో రాళ్ల చప్పుడు ఆగిపోయింది. నాకు తెలిసిపోయింది. తెలియకుండా ఉంటే బాగుండునని ఈ వయసులో కూడా అనుకుంటాను. లోపల లోపలే ఒకటి అనుకున్నాను, రెండు అనుకున్నాను. మూడు అనుకునేలోపే బాపు తలకాయ వంచేశాడు.

మర్నాడు పదింటికి వెళ్లి మిషన్ బాగానే ఉండెనని చెప్పి వచ్చాడు. మూడో రోజు నుంచి పనికి రమ్మన్నారు. ఆ సాయంత్రం బాపు చాలాసేపు గోడ వైపే చూస్తూ కూర్చుని, లేచి, పటకారు తీసుకుని కిటికీకి కొట్టిన రేకును ఊడబీకాడు. అవతల తాత నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడు వినే వచ్చి ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నువ్వు కూడానా అని తాత అడగలేదు, క్షమించమని బాపు అనలేదు. మా అమ్మ ఒక గిన్నెలో పప్పు వేసి కిటికీలో పెట్టింది. తాత ఆ గిన్నె తీసుకున్నాడు.

చెయ్యి పోయిన అన్న తరువాత స్టేషన్ మెట్ల దగ్గర జామకాయలు అమ్మేవాడు. ఎడమచేత్తోనే తూచేవాడు. బతికినన్నాళ్లూ మా బాపు ఆ మెట్లు ఎక్కలేదు. ఎంత దూరమైనా చుట్టు తిరిగే వెళ్లేవాడు. నేను కొనేదాన్ని. నేనెవరి కూతురినో ఆయనకు తెలుసు. అయినా తూకం మీద ఒక కాయ ఎక్కువే వేసేవాడు. ఆ కాయ తినడం నాకెప్పుడూ చేతకాలేదు. ఎవరో ఒకరికి ఇచ్చేసేదాన్ని.

నేను మళ్లీ గాలం పట్టలేదు. కానీ ఎవరైనా మాట తప్పారని, అమ్ముడుపోయారని నలుగురూ అంటుంటే నేను వంత పాడలేను. వాళ్లకు పిల్లలెంతమంది అని అడుగుతాను. అలా అడిగితే ఆ అన్నకు వేళ్లు తిరిగిరావు, అదీ నాకు తెలుసు. రెండూ మోస్తూనే ఇంత దూరం వచ్చాను.

ఇప్పుడు నాకు ఆరేళ్ల మనవరాలుంది. ఎవరైనా పని మీద మా ఇంటికొచ్చి, వస్తూనే దాన్ని దగ్గరికి పిలిచి ముద్దు చేస్తే, నేను దాని భుజం పట్టి లోపలికి పంపించేస్తాను. తలుపు దగ్గరికి వేస్తాను. అత్తమ్మకు పలకరింపు కూడా అనుమానమే అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. పిల్ల లోపలికి వెళ్లిందని చూసుకున్నాకే వచ్చినవాళ్ల ఎదురుగా కూర్చుని, ఇప్పుడు చెప్పండి, ఏం పని మీద వచ్చారు అని అడుగుతాను.