కొర్రలు దంచిన ఆదివారం

మా అక్కను దయ్యం పట్టుకుపోయిందని చర్చివాళ్లు అనేవారు. పిచ్చి పట్టిందని వీధివాళ్లు అనేవారు. నేను రెండూ వింటూ నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. అక్కను పోగొట్టింది నేను. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. చెప్పినా మనసేమీ తేలిక పడడం లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది నంద్యాల. నాయన మిషన్ బడిలో బంట్రోతు. అక్క పత్తి జిన్నింగు మిల్లులో పనికి పోయేది. నాకు పద్నాలుగు, దానికి పద్దెనిమిది. పక్క మిషను దగ్గర దాని ఈడుదే ఒక పిల్ల పనిచేసేది. ఊరు ఆళ్లగడ్డ. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండేది. ఇద్దరూ ఒకే గిన్నెలో సద్ది తినేవాళ్లు, ఒకే దువ్వెనతో తల దువ్వుకునేవాళ్లు. నన్ను దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నాకు కుళ్లుగా ఉండేది.

మిల్లులో ఆడవాళ్లంతా తలకు గుడ్డ బిగించి కట్టుకునేవాళ్లు. మిషన్లను తిప్పే తోలు పట్టాలు వాళ్ల తలల వెనకే ఆడుతుండేవి. ఒకనాటి పొద్దున ఆ పిల్ల గుడ్డ కట్టుకోలేదు. ఎందుకు కట్టుకోలేదో ఎవరికీ అంతుపట్టలేదు. జుట్టు పట్టాకు చిక్కింది. ఇంజను ఆపేలోగా అంతా అయిపోయింది. అక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉందట. ఆ పట్టు విడిపించడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చిందట.

అక్క ఏడవలేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం పెట్టమంది. గట్టి పిల్ల అని వీధంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏం చూశావే, ఏం జరిగిందే అని దాన్ని అడిగినవాళ్లు లేరు. మేమూ అడగలేదు. అడిగితే బాధపడుతుందని అమ్మ వద్దంది.

రెండు వారాలు గడిచాక మొదలైంది. రొట్టె కాలుస్తూ ఆగిపోయేది. పెనం మీద నుంచి పొగ లేస్తున్నా చూసేది కాదు. కళ్లు తెరిచే ఉండేవి, మనిషి మాత్రం అక్కడ ఉండేది కాదు. పిలిస్తే పలకదు, గిల్లినా కదలదు. కాసేపటికి తనే తేరుకుని, "రొట్టె ఎవురు మాడ్చిరి?" అని నన్నే తిట్టేది. మధ్యలో పోయిన ఆ కాసేపు దాని లెక్కలో లేనే లేదు.

ఒకరోజు పక్కింటివాళ్లు మిరపకాయలు దంచుతున్నారు. రోకలి చప్పుడు మా గోడలోంచి వినబడుతోంది. అక్క చేతిలోని చేట కింద పడింది. నోరు తెరిచి మాట్లాడింది. గొంతు అక్కది కాదు. మాట చివర సాగదీసే ఆ ఆళ్లగడ్డ పిల్ల గొంతు.

"మా యమ్మను పిలిపీండి" అంది.

చచ్చిపోయిన పిల్ల మా అక్క మీదికి వచ్చిందని సాయంత్రానికి వీధంతా పాకింది. చర్చి అయ్యగారు వచ్చి నెత్తిన చెయ్యి పెట్టి, వదిలిపో వదిలిపో అని అరిచాడు. ఆ తర్వాత అక్క చర్చికి పోవడం మానేసింది. డాక్టరు నాడి చూసి, "హిస్టీరియా. పెళ్లి చేయండి, అదే పోతుంది" అన్నాడు. కబురు అంది, ఆ మరుసటి ఆదివారం బస్సుకు ఆ పిల్ల తల్లి ఆళ్లగడ్డ నుంచి దిగింది.

ఆమెకు మొగుడు లేడు, ఇంకో బిడ్డ లేదు. చుట్టం కాకపోయినా మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. అప్పటినుంచి ప్రతి ఆదివారం జొన్నరొట్టెలు, చెనక్కాయల పచ్చడి మూట కట్టుకుని వచ్చేది. అక్క ఎదురుగా కూర్చుని కాచుకునేది. ఆ గొంతు పలికిన రోజు, తిన్నావా తల్లీ, చలేస్తాందా తల్లీ అని అడిగి, కళ్లు తుడుచుకుని మధ్యాహ్నం బస్సుకు పోయేది. అమ్మకు ఆమెను రావద్దనడానికి నోరు రాలేదు. నాకైతే ఆమె ఎప్పుడు వస్తుందా అని ఉండేది. అక్కను ముట్టుకోవడానికి భయపడే వీధిలో దాని తల నిమిరే మనిషి ఆమె ఒక్కతే.

మిల్లు మిషను దడదడలా వినబడే రోకలి చప్పుడుకే ఇది వస్తోందని కొన్నాళ్లకు అమ్మ పసిగట్టింది. రోకలిని అటక ఎక్కించింది. గింజలు మోసుకుపోయి రెండు వీధుల అవతల దంచుకు వచ్చేది. పక్కింటివాళ్ల కాళ్లావేళ్లా పడి వాళ్లచేతా మాన్పించింది. నెల తిరిగేసరికి అక్కలో మార్పు వచ్చింది. తనంతట తను తల దువ్వుకుంది. నా జడ కూడా వేసింది, గట్టిగా లాగి మరీ. నొప్పి పెట్టినా నేను కిక్కురుమనలేదు.

పెద్దమ్మ మాత్రం మూడు ఆదివారాలు వచ్చి ఆ గొంతు వినకుండానే తిరిగిపోయింది. నాలుగో ఆదివారం అమ్మా నాయనా చర్చికి పోయారు. అక్క వసారాలో కూర్చుని పెసలు ఏరుతోంది. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"మ్మేయ్, ఒక్కసారి రోకలి దించు మే. నా బిడ్డతో ఒక్క మాట మాట్లాడి పోతా."

"అమ్మ తిడ్తాది పెద్దమ్మా. అక్క ఇప్పుడే బాగయితాంది."

"మీ యమ్మకు ఇద్దురు బిడ్డలుండారు. నాకు యాడుండారు? నీ కాళ్లు పట్టుకుంటా మే."

నిజంగానే వంగింది. అంత పెద్ద మనిషి నా కాళ్ల దగ్గర వంగేసరికి నాకు ఏం చేయాలో తోచలేదు. ఎప్పుడూ కాసేపటికి తేరుకుంటుంది కదా, ఈ ఒక్కసారికి ఏమవుతుంది అనుకున్నాను. రోకలి దించాను. రోట్లో దోసెడు కొర్రలు పోసి దంచాను. చప్పుడు బాగా వినబడాలని గట్టిగా దంచాను. ఆ "గట్టిగా" నన్ను ఈనాటికీ నిద్రపోనివ్వదు.

వసారాలో పెసలు రాలిన శబ్దం వచ్చింది.

"వచ్చినావా మా?" అంది ఆ గొంతు.

పెద్దమ్మ పరుగున పోయింది. నేనూ రోకలి వదిలి గడప దగ్గర నిలబడ్డాను. తిన్నావా అంది పెద్దమ్మ, చలేస్తాందా అంది. ఆ తర్వాత అంతకుముందు ఎన్నడూ అడగనిది అడిగింది.

"ఆ పొద్దు తలకు గుడ్డ యాల కట్టుకోలేదు తల్లీ?"

"తలకు పోసుకోని వచ్చింటి మా. తడి ఆరలేదు. గుడ్డ కట్టుకోబోతాంటే వద్దనె. 'ఆరనీలేమే, మేస్త్రీ వచ్చినాక కట్టుకుందువు' అనె."

"ఎవురు?"

"ఇదే" అని అక్క తన గుండె మీద తనే చెయ్యి వేసి చూపించింది.

పెద్దమ్మ అక్క తల మీది చెయ్యి తీసేసింది. "దాని మింద నీకు కోపముందా?" అంది.

"ఉండాది. దాన్ని ఇంగ రానియ్యను."

అక్కా అని అరిచాను. భుజాలు పట్టి ఊపాను. రోకలి ఆగితే కాసేపటికి తిరిగి వచ్చే అక్క ఆ రోజు రాలేదు. చర్చి నుంచి వచ్చిన అమ్మను చూసి లేచి నిలబడి, "బాగుండావా అత్తా?" అంది.

మా ఇంట్లో అది పరాయి పిల్లలా ఒదిగి కూర్చునేది. అన్నం పెడితే, మా యమ్మ వచ్చినాక తింటాలే అత్తా అనేది. నాయన కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మతి చలించిందన్నారు. వాళ్లిచ్చిన మందుకు పగలంతా నిద్రపోయేది, లేచాక మళ్లీ అదే గొంతు. పెద్దమ్మ రెండు వారాలు మొహం చూపించలేదు. మూడో వారం వచ్చి అక్క ముందు కూలబడి, "నాకు దాని మింద కోపం లేదు తల్లీ. ఇడ్సిపెట్టు" అని చేతులు జోడించింది.

"నీకు లేకుంటే ఏం మా, నాకుండాది" అంది అక్క.

ఆ రోజు పెద్దమ్మ కలిపి పెట్టిన ముద్దలు మాత్రం తింది, ఇన్ని వారాల ఆకలి ఒక్కసారే తీర్చుకున్నట్టు. అది చూసి నాయన లోపలికి పోయి ఏడ్చాడు. ఎక్కడ తింటే అక్కడే బతకనీ అన్నాడు. అమ్మ దాని బట్టలు మడిచి మూట కట్టింది. ఆళ్లగడ్డ బస్సు కిటికీలోంచి అక్క అమ్మకు, "పోయొస్తా అత్తా" అని చెప్పింది. రోకలి ఎవరు దంచారని అమ్మ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్క దెబ్బ వేసినా నాకు కాస్త ఊపిరి ఆడేది.

నాలుగేళ్లకు నేను నర్సు చదువులో చేరాను. అక్కడొక డాక్టరమ్మతో, ఎవరిదో సంగతి అన్నట్టు ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు విని, ఒక పేషెంటు గురించి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. చూడలేనిది చూసినప్పుడు కొందరి మనసు అక్కడి నుంచి తప్పుకుంటుందట. ఆ పూటకు ఆ తప్పుకోవడమే మనిషిని బతికిస్తుందట. అదే మళ్లీ మళ్లీ జరిగితే జబ్బవుతుందట. "దయ్యమూ కాదు, మతీ పోలేదు. తన మీద తనకున్న కోపం మోయలేక, చచ్చిపోయినమ్మాయి చేతిలో పెట్టింది. వాళ్లంతా ఆ అమ్మాయినే పిలిచారు, పలకరించారు. బతికున్నామెను ఎవరూ పిలవలేదు" అంది.

నయమవుతుందా అని అడిగాను. తప్పు నీది కాదని ఎవరైనా ఆమెతో ఓపిగ్గా చెబుతూ ఉండాలి, ఏళ్లు పట్టవచ్చు అంది. అప్పటికే ఏళ్లు గడిచాయని నేను చెప్పలేదు.

సెలవు దొరకగానే ఆళ్లగడ్డ పోయాను. పెద్దమ్మ కూలికి పోయింది. అక్క వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఒళ్లు చేసింది. ముఖం ప్రశాంతంగా ఉంది, ఎన్నడూ లేనంత ప్రశాంతంగా. నన్ను గుర్తుపట్టి నవ్వింది. నా స్నేహితురాలి చెల్లెలివి కదా, రా కూర్చో అంది. నేను కూర్చున్నాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట ఏడుస్తూనే చెప్పాను.

"తప్పు మా అక్కది కాదు. తల తడిగా ఉంటే ఎవురైనా ఆరనీ అనే అంటారు. మా అక్కకు ఏ పాపమూ తెల్దు."

అది ఒలవడం ఆపలేదు. జాలిగా నా వైపు చూసింది.

"నాకు యాల చెప్తాండావు మే?" అంది. "పోయి దానికి చెప్పు."