రికార్డు రెండో పక్క

ఆవిడ కళ్లద్దాలు అరగదీస్తుంది. షాపు వెనక చిన్న గదిలో, నీళ్లు కారే సానరాయి ముందు కూర్చుని, రోజుకు ఇరవై జతలు ఫ్రేముల్లోకి దించుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు. అలాంటి మనిషి కట్టుకున్నవాడి సంగతి మాత్రం పసిగట్టలేకపోయింది. పదకొండేళ్ల కాపురం తర్వాత అతను ఆఫీసులో ఒకామెతో వేరే ఇల్లు తీసుకున్నాడని, చివరికి ఆడపడుచు ఫోన్ చేసి చెబితే తెలిసింది.

వెళ్లిన నెలకి అతనే ఫోన్ చేశాడు.

"నా రికార్డుల పెట్టె అక్కడే ఉండిపోయింది. రెండు నెలల్లో వచ్చి తీసుకెళ్తాను. ప్లేయరు అక్కడే ఉండనీ, నేను కొత్తది కొన్నాను. ఆ నల్ల అట్టది మాత్రం జాగ్రత్త, ఇప్పుడు ఎక్కడా దొరకదు."

"అలాగేనండీ," అంది ఆవిడ.

ఆ నల్ల అట్ట రికార్డంటే అతనికి ప్రాణం. ఇంటికి ఎవరొచ్చినా అదే పెట్టేవాడు. గిటార్లు, డ్రమ్స్, గొంతు చించుకునే ఒక మనిషి, అన్నీ కలిసి రేకుల షెడ్డు కూలుతున్నట్టు ఉండేది. ఒకచోట అతను కళ్లు మూసుకుని వేలు పైకెత్తేవాడు. ఆవిడ టీ కప్పులు పెట్టి వెళ్తుంటే, "దీనికి ఇలాంటివి ఎక్కవులే" అని వచ్చినవాళ్లతో కలిసి నవ్వేవాడు.

పగలగొడితే ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆవిడకు అది చాల్లేదు. అతను వేలెత్తే చోటే గీత పెట్టాలి. కొత్తామె ముందు ఆ వేలు లేచేసరికి రికార్డు మీద ప్లేయరు ముల్లు ఎగిరిపడాలి. అద్దాల మీద గుర్తులు పెట్టే వజ్రపు మొన కలం షాపు నుంచి తెచ్చుకుంది. ఇక ఆ చోటేదో కనిపెట్టాలి.

రోజూ పని నుంచి రాగానే తలుపేసుకుని రికార్డు పెట్టేది. మొదటి వారం తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. ఒక పాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. పళ్లు బిగించి విన్నది. రెండో వారంలో, ఆ మోత అడుగున డ్రమ్స్ ఒక లెక్కన నడుస్తున్నాయని పట్టుకుంది: ఏడు దెబ్బలు, ఒక ఖాళీ. ఆ లెక్క చెవికి చిక్కాక, గిటార్లు దాన్నుంచి తప్పించుకుపోవడం, తిరిగొచ్చి దానిమీదే పడటం వినబడింది. అరిచేవాడి మాట ఒక్కటీ అర్థం కాలేదు. వాడికి ఎవరిమీదో పీకలదాకా కోపం ఉందని మాత్రం అర్థమైంది. అది ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు.

మూడో వారంలో ఆ చోటు దొరికింది. నాలుగో పాటలో ఖాళీ కాస్త ఎక్కువసేపు సాగి, అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. కలం మూత తీసింది. ఎందుకైనా మంచిది, వెనక పక్క కూడా ఒకటి గీద్దామని రికార్డు తిప్పి, పని అలవాటుకొద్దీ భూతద్దం పెట్టింది.

ఈ పక్క మధ్య కాగితం మీద, కన్నం చుట్టూ బోలెడు గీతలున్నాయి. మొదటి పక్క పైకి ఉంచి పెట్టేటప్పుడల్లా, అడుగున ప్లేయరు మధ్య ఇరుసు తగిలి పడ్డవి. మొదటి పక్క కాగితం మీద ఒక్క గీత లేదు. ఇన్నేళ్లలో ఆ మనిషి దీన్ని ఒక్కసారి కూడా తిప్పి వినలేదు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. సగమే విన్నవాడి చేత తెలివితక్కువదనిపించుకుంది.

రెండో పక్కంతా ఒకటే పాట. బరువు మోసేవాడు అడుగు తీసి అడుగు వేసినట్టు ఇరవై నిమిషాలు. అరిచేవాడు ఇందులో అరవడు, చివర్లో నెమ్మదిగా ఏదో చెబుతాడు. మొదటిసారి విసుగు పుట్టింది. నాలుగోసారి ఏడుపొచ్చింది. పదోసారికి అది వినందే సాయంత్రం గడవలేదు. కలానికి మూత పెట్టేసింది. కోపం తగ్గి కాదు, ఇంత మంచిది అతని చేతికి ఎందుకివ్వాలని.

అతను వచ్చాడు. పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. కూర్చుని అంతా వెతికాడు.

"నల్ల అట్టది ఏది?"

"దాని రెండో పక్క ఎలా ఉంటుంది?"

"ఏముంది, అదీ అంతే. ఇంకాస్త స్పీడు."

"పగిలిపోయింది," అంది ఆవిడ. "తుడుస్తుంటే చెయ్యి జారింది."

అతను మెట్ల మీద కూలబడ్డాడు. ముక్కలైనా ఇవ్వమన్నాడు. చెత్తబండిలో వేసేశానంది. అతను లేచి పెట్టె మోసుకుంటూ మూడంతస్తులు దిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆ పూట ఆవిడ ప్రాణం ఎంత హాయిగా ఉందో ఆవిడకే తెలుసు.

వారం తిరక్కుండా ఆడపడుచు ఫోన్ చేసింది.

"అన్నయ్య తిండి కూడా సరిగ్గా తినట్లేదు వదినా. కావాలనే పగలగొట్టావంటున్నాడు."

"అనుకోనీ."

"వెనక ఆ మోతేంటి?"

"పైవాళ్లు గోడ కొట్టిస్తున్నారు," అని ఫోన్ పెట్టేసి, ముల్లు ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టింది.