నేను ఇవ్వని షా

ఒక మనిషికి తన బుర్రమీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాసి, కలం పక్కన పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉంది. సరే, ఉండనీ.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళ దగ్గర ఈ సంగతి ఎత్తబోయి, చాలాసార్లు వానల గురించీ పత్తి ధర గురించీ మాట్లాడి ఊరుకున్నాను. నా భార్యకు కూడా తెలియదు. చదివేది ముక్కూ మొహం తెలియని మీరు కాబట్టి, ఈసారి మాట తప్పించుకోనని అనుకుంటున్నాను.

అసలు సంగతి వింటే మీకు నవ్వు రావచ్చు. చదరంగంలో ఒక అబద్ధం. ఇంతేనా అంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను, ఆట కదా, ఆటలో అందరూ చేసేదే కదా అని. అందరూ చేస్తారా? ఏమో. నేను చేశాను, అది మాత్రం తెలుసు.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేళ్ళయింది. బజారులో మాది బట్టల అంగడి. అంగడి పైన మిద్దెగదిలో బేళ్ళ మధ్య ఒక చాప, చాపమీద చదరంగం పలక. శనివారం మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్ళం. పోస్టాఫీసు గుమాస్తా గురురావు, గాజుల అంగడి ఖాసిం సాబు, నేను. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఆడేది గంటయితే, ఆడినదాని గురించి వాదించుకునేది మూడు గంటలు. గురురావు ఇంగ్లీషు పద్ధతి పుస్తకం ఒకటి తెప్పించుకుని బంటు మొదట రెండిళ్ళు నడవొచ్చనేవాడు. ఖాసిం సాబు ఆ పుస్తకాన్ని చేత్తో కూడా ముట్టుకునేవాడు కాదు. చివరికి ఎప్పుడూ మన పాత పద్ధతే గెలిచేది, ఎందుకంటే తిప్పన్న మామ ఆడేది అదే.

తిప్పన్న బళ్ళారి దగ్గర మోక అనే ఊళ్ళో రైతు. వయసు అరవై దాటింది. నలభై ఏళ్ళప్పుడు కళ్ళు పోయాయి. ప్రతి శనివారం బస్సులో వచ్చి, గోడ పట్టుకుని మా మెట్లెక్కేవాడు. మేము ఎత్తు వేసి నోటితో చెప్పేవాళ్ళం. ఆయన వేళ్ళతో పావుల తలలు తడిమి చూసుకుని తన ఎత్తు వేసేవాడు. నేను చూసినన్నాళ్ళలో ఆయన ఆ గదిలో ఓడిపోలేదు. పోయిన నెల ఆడిన ఆట కూడా మొదటి ఎత్తునుంచి ఒప్పజెప్పేవాడు. ఊళ్ళో కొత్తగా కాలువ నీళ్ళు వస్తే, ఏ పొలానికి ఏ రోజు వంతో ఆయన్నే అడిగేవాళ్ళట. కాగితం అక్కర్లేదు, తిప్పన్న చాలు అనేవాళ్ళట.

ఆయనకు ఒకటే భయం. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. తనకూ అట్లా అవుతుందేమోనని ఒకసారి మెట్లు దిగుతూ నాతోనే చెప్పాడు. అంటే, ఎక్కడ దెబ్బ తగిలితే ఆయన పడిపోతాడో నాకు ముందే తెలుసు. ఇది దాచిపెట్టి మిగతాది చెబితే ఒప్పుకున్నట్టు కాదు.

ఇప్పుడు ఆట గురించి ఒక్క ముక్క. పాత పద్ధతిలో రాజుకు ఆట మొత్తంలో ఒకేఒక్కసారి గుర్రంలా గెంతే హక్కుంది. కానీ అంతకుముందు ఆ రాజుకు ఒక్కసారి షా తగిలినా, అంటే ఎదుటి పావు మీదికి వచ్చి 'షా' అనిపించినా, ఆ గెంతు పోతుంది. అందుకే తెలిసినవాళ్ళు మొదట్లోనే పనికిరాని షా ఒకటి ఇచ్చి ఆ గెంతు తీసేస్తారు. పలక చూస్తే పావులెక్కడున్నాయో తెలుస్తుంది. రాజుకు షా తగిలిందో లేదో తెలియదు. అది ఆడినవాళ్ళకు గుర్తుండాలి, అంతే.

ఆ శనివారం నేను బాగా ఆడాను. ఈ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే రాస్తున్నాను, చూడండి, సిగ్గులేనితనం. ఆట మధ్యలో గురురావూ ఖాసిం సాబూ కాఫీకని ఎదుటి హోటలుకు దిగారు. మేమిద్దరమే మిగిలాం. వాళ్ళు తిరిగొచ్చేసరికి తిప్పన్న రాజు మూలకు ఇరుక్కున్నాడు. ఇంకొక్క ఎత్తులో ఆట కట్టు. ఖాసిం సాబు పలక చూసి "అరే!" అన్నాడు. ఆ 'అరే' కోసం నేను ఎన్ని శనివారాలు కాచుకున్నానో!

తిప్పన్న పావులన్నీ తడిమి, చిన్నగా నవ్వి, "రాజు గెంతుతాండాడప్పా" అన్నాడు.

గెంతు తీసెయ్యడం మరిచిపోయాను. దాడి చేసే సంబరంలో, చిన్నపిల్లలు కూడా చేసే పని చెయ్యలేదు. రాజు గెంతితే ఆట ఆయనదే. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. వచ్చింది అంటున్నాను, ఎవరో అనిపించినట్టు. కాదు, నేనే అన్నాను. వీళ్ళు కాఫీకి పోయినప్పుడు గుర్రంతో షా ఇచ్చినాను కదా మామా, నీ రాజుకు ఇంక గెంతు లేదు అన్నాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నేను వెనక్కి తగ్గేవాణ్ణేమో. తగ్గేవాణ్ణా? ఆయన తల పక్కకు వంచి పావులన్నీ మళ్ళీ ఒక్కొక్కటే తడిమాడు. కనుబొమల మధ్య చెమట పట్టింది. గురురావు నవ్వుతూ మామకూ మతిమరుపు వచ్చేసిందన్నాడు. తిప్పన్న రాజును పడుకోబెట్టి, నా చెయ్యి వెతికి పట్టుకుని, బాగా ఆడినావప్పా అన్నాడు.

ఆ తర్వాతి శనివారం ఆయన రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. బజారులో మాత్రం నేను తిప్పన్నను ఓడించినవాణ్ణయ్యాను. మా నాయన కూడా అంగడికి వచ్చినవాళ్ళకు చెప్పుకున్నాడు. రెండు నెలలు ఆ పేరు మోశాను. తర్వాత మోక నుంచి గుడ్డ కొనడానికి వచ్చిన ఒకాయన, తిప్పన్న ఇప్పుడు నీళ్ళ వంతులు చెప్పడం లేదన్నాడు. నన్ను అడగొద్దండప్పా, నా తల పని చేయడం లేదు అంటున్నాడట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మరునాడు పొద్దున్నే మోక బస్సెక్కాను.

నిజం చెప్పడానికే ఎక్కాను. ఇది మీరు నమ్మాలి. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలో లోపల అనుకుంటూనే ఉన్నాను.

తిప్పన్న పంచలో మంచంమీద ఉన్నాడు. నా గొంతు వినగానే మొహం వెలిగింది. కానీ మనిషి మారిపోయాడు. ఏం మాట్లాడినా చివర్లో భార్య నాగమ్మను అడుగుతున్నాడు. ఈ పొద్దు బుధవారమే గదే? ఎద్దుకు నీళ్ళు పెడితిమి గదే? పాపం ఆమె అవును, అవును అంటూ నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని గొంతు సవరించుకున్నాను. ఆయనే ముందు అందుకున్నాడు.

"మంచి పని చేస్తివి, వస్తివి. దినామూ ఆ ఆటే ఆడుకుంటాండా లోపల. విను."

విన్నాను. మొదటి బంటు నుంచి చివరిదాకా, నావీ ఆయనవీ, ఒక్కటీ తప్పు పోకుండా ఒప్పజెప్పాడు. నేనే మరిచిపోయిన ఎత్తులు కూడా ఉన్నాయి అందులో.

"నడమ యాడ ఇస్తివప్పా ఆ షా? అదొక్కటే నాకు దొరకడం లేదు."

ఇదే నాకు దొరికిన చోటు. ఇవ్వలేదు మామా అంటే చాలు. రెండు మాటలు. నాగమ్మ గడపలో నిలబడి నావైపే చూస్తోంది.

"నీ మంత్రి ముందుకు వచ్చినాక" అన్నాను.

"ఆడనా?" ఆయన వేళ్ళు గాలిలో పావులు జరిపాయి. "నీ గుర్రం ఆడికి రావాలంటే మూడు ఎత్తులు గావాల. మళ్ళా వెనక్కి పోయేదానికి మూడు. షా తగిలితే నా రాజు జరగాల. జరగనే లేదు గదా?"

"జరిగినాడు. మళ్ళా వచ్చినాడు."

"నాకు అవేవీ గెవనం లేవే."

"మరిచిపోయింటావు, మామా."

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. పెదవులు కదిలాయి, లెక్క పెట్టుకుంటున్నాడు. తర్వాత గడపవైపు తిరిగాడు.

"మరిచింది ఒకటి గాదే నాగీ. ఈయప్పవి ఆరు, నావి ఆరు. పన్నెండు ఎత్తులు నా తలలోనుంచి పోయిండాయంట." నావైపు తిరిగి అన్నాడు. "ఆయ్తు బిడప్పా, పోనీలే. నువ్వు అబద్ధం చెప్పేవానివి గాదు. నా తల సంగతి తెలిసింది, అదే మేలు."

మజ్జిగ మొత్తం తాగాను. అది కూడా రాయాలి. తాగి, గ్లాసు కింద పెట్టి, పోయొస్తానని చెప్పి బస్సు కోసం రోడ్డుమీదికి వచ్చాను.

మిద్దెగదిలో చెప్పింది ఆవేశంలో చెప్పాను, దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. మోకలో చెప్పినదానికి ఏ సాకూ లేదు. ఓడిపోయే భయం లేదు, పలక లేదు, చూసి నవ్వేవాళ్ళు లేరు. మరెందుకు చెప్పాను? చాలా ఏళ్ళు నాగమ్మ ముందు సిగ్గుపడి అనుకున్నాను. తర్వాత జాలి అనుకున్నాను, ఇప్పుడు నిజం చెబితే ముసలాయన ఇంకా బాధపడతాడేమోనని. అన్నీ బొంకు. ఆ ఊళ్ళో ఒక మనిషి నన్ను నిజం పలికేవాడని గట్టిగా నమ్ముతున్నాడు, ఆ నమ్మకం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. దానికోసం ఆయన దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ లాక్కున్నాను.

తిప్పన్న ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. చివరి ఏడాది పక్కింటికి కూడా ఒంటరిగా వెళ్ళలేదట, దారి మరిచిపోతానేమోనని. తిప్పన్న పోయాడని గురురావు వచ్చి చెబితే, నేను బేళ్ళు దించే పని ఉందని మోకకు వెళ్ళలేదు. మళ్ళీ చదరంగం ముట్టుకోలేదు. అదేదో ప్రాయశ్చిత్తం అనుకునేరు, కాదు. పలక ముందు కూర్చోలేకపోయాను, అంతే.

నాగమ్మ కూడా పోయి ఉంటుంది. ఈ మాట వినాల్సినవాళ్ళు ఎవరూ లేరు. మీరు క్షమించినా అది మీ చేతిలో ఉన్నది కాదు, నేనూ అడగను. కానీ రాయడం మొదలుపెట్టినప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. ఊపిరి కాస్త కిందిదాకా పోతోంది.

నేను షా ఇవ్వలేదు. గుర్రం అటువైపు పోనే లేదు. రాజు జరగలేదు. తిప్పన్న మామ పంచలో కూర్చుని చెప్పిన ఆట, చెప్పింది చెప్పినట్టుగా జరిగింది. ఆయన ఏదీ మరిచిపోలేదు.