ప్రీ-యాంప్ ఎందుకు అన్నందుకు

మొన్న ఐతారం పొద్దున పది గంటలకు మా వాడ వాడంత మా ఇంటి ముందట జమైంది. ఆడోల్లు ఏడుస్తున్నరు, మొగోల్లు తలకాయలు దించుకున్నరు. ఇంతజేసి మనిషైతే ఎవలు పోలె. పోయిందేందో చెప్త గని, ముందుగాల చాయ్ తాగుండ్రి.

మాది రామన్నపేట దిక్కు మగ్గాల వాడ. నేను నకిరేకల్ కరెంట్ ఆఫీసుల బిల్లుల కౌంటర్ల కూసుంట. కరెంట్ ఆఫీసు గావట్టి వీనికి కరెంట్ పనంత వస్తదని మా వాడోల్లు అనుకుంటరు. వాళ్లు అనంగ అనంగ నేను గూడ గట్లనే అనుకున్న.

పోయిన నెల మా బాపుకు గుండెల నొప్పి లేసింది. నల్లగొండ దవాఖానల నాలుగు దినాలు ఉంచుకున్నరు. "రెండు నెలలు మగ్గం ముట్టొద్దు, ఉలికిపాటు అస్సలే వద్దు" అని డాక్టర్ గట్టిగ చెప్పిండు. చిన్నప్పటి సంది మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న మనిషి, ఊకె పండుమంటే పంటడా? రోజు ఇంట్ల లొల్లే. ఆయనకు భజనల పాడే తత్వాలంటే పానం. మంచి సౌండ్‌తోని పెడితే ఇనుకుంటనన్న పండుకుంటడని, హైదరాబాద్‌ల ఇల్లు ఖాళీ చేస్తున్న దోస్తు కాడికెళ్లి ఒక పాత యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చిన.

వైర్ల కోసం నకిరేకల్‌ల ఒక రిపేర్ షాపుకు పోయిన. షాపాయన డబ్బాను అటిటు తిప్పి చూసి, "సార్, గిది ఉత్త పవర్ యాంప్. ప్రీ-యాంప్ సపరేట్‌గ కావాలె" అన్నడు.

"అదేం చేస్తది?"

"సౌండ్‌ను చేతుల పట్టుకుంటది సార్. ఎంత కావాల్నో గంతే ఇడుస్తది. దీనికి సౌండ్ తిప్పే గుండీ లేదు, చూడుండ్రి."

నిజంగనే లేదు. అయినా నాకు ఇంకో సామాను అంటగడుతున్నడని అనుమానం. "ఫోన్లనే సౌండ్ బటన్ ఉన్నది గదనయ్యా. ఇంకోటెందుకు?" అన్న. నేను కరెంట్ ఆఫీసని గూడ చెప్పిన.

ఆయన నవ్వి, "సరే సార్. ఒకటి పక్కన పెడ్త, మీరే వస్తరు" అన్నడు.

ఐతారం పొద్దున వైర్లు కలుపుడు షురూ జేసిన. చిత్రమేందంటే వారం సంది పొద్దున పూట బాపు లొల్లి లేదు. ఆ రోజు గూడ వసారల మంచం మీద దుప్పటి మొకం దాక కప్పుకొని పండుకున్నడు. "ఇయ్యాల గూడ మామ బుద్ధిగ పండుకున్నడు" అని నా పెండ్లాం సువర్ణ సంబరపడ్డది.

ఫోన్ల తత్వం పెట్టిన. సప్పుడు లేదు. సౌండ్ పెంచిన. లేదు. మొత్తం ఫుల్ జేసిన, అయినా లేదు. అప్పుడు యాదికొచ్చింది, యాంప్ ఎనుక స్విచ్చే ఎయ్యలేదు. ఏసిన.

అయ్యా, ఏం చెప్పాలె! గూట్ల గిన్నెలు కింద పడ్డయి. నా చెవులల్ల గుయ్యిమన్నది. ఆపుదామంటే తిప్పేతందుకు గుండీ లేదు. ఫోన్ అందుకునే లోపట తత్వం రెండు లైన్లు వాడంత పాడింది. ఇగ స్పీకర్ల నుంచి పొగొచ్చింది, యాంప్‌ల ఏందో టప్పుమన్నది, అంత సైలెంట్.

ఆ సౌండ్‌కు పక్కింటి మగ్గం ఆగింది. అది ఆగిందని దాని పక్కది ఆగింది. గట్ల వాడ కొస దాక అన్నీ ఆగినయి.

మా కాడ కరెంట్ పోతె మగ్గం ఆగది. మనిషి పోతెనే ఆగుతది. శవం లేసేదాక ఎవలు మగ్గం ముట్టరు. దవాఖాన నుంచి వచ్చిన ముసలాయన ఇంట్లకెళ్లి, పీనుగ కాడ గూడ పాడే తత్వాలు ఇనవడ్డయి, మగ్గాలు ఆగినయి. ఇంకేం కావాలె? అందరు ఉరికొచ్చిండ్రు.

నేను బయటికి ఉరికి "బాపూ" అన్న. దుప్పటి కదలలేదు. అంత సౌండ్‌కు గూడ లేవలేదంటే ఇంకేమున్నది? ఉలికిపాటు వద్దన్న మనిషిని నా చేతులార సంపుకున్న అనుకున్న. దుప్పటి తీసేతందుకు ధైర్యం సాలలే. మంచం కాళ్ల కాడ కూలబడి ఏడ్సిన. ఎదురింటి లచ్చవ్వ దేవుని పటానికి కట్టిన బంతిపూల దండను తెచ్చి దుప్పటి మీద ఏసి, "ఎంత మంచోనివి బావా" అని రాగం తీసింది.

అప్పుడు మంది ఎనుకకెళ్లి రొప్పుకుంట ఒక గొంతు వచ్చింది.

"ఎవలు పోయిండ్రే లచ్చవ్వా? మావోడా?"

తలకాయెత్తి చూస్తె బాపు. అంగి మీదంత నూలు పోగులు. నేను కనవడంగనే గోడ పట్టుకొని నిమ్మలంగ ఊపిరి తీసుకున్నడు.

లచ్చవ్వ ఆయన దిక్కు చూసింది, మంచం దిక్కు చూసింది. "నువ్వే పోయినవు గద బావా" అన్నది. ఇగ దుప్పటి గుంజింది. రెండు తలగడ మెత్తలు, ఒక చుట్టిన బొంత.

సంగతేందంటే, వారం సంది రోజు పొద్దున గీ మెత్తలను పండవెట్టి, వాడ కొసకున్న పెంటయ్య కాక ఇంటికి పోయి ఆయన మగ్గం మీద నేస్తున్నడట.

"మగ్గం ముట్టొద్దన్నరు గద బాపు" అన్న, కండ్లు తుడుసుకుంట.

"ఉలికిపాటు గూడ వద్దన్నరు గదరా. మరి నువ్వేం జేసినవు?"



సువర్ణ మంచినీళ్లు ఇచ్చింది. బాపు తాగి, మెత్తల మీది దండ తీసుకొని లోపటికి పోయిండు. పొగలు పోతున్న యాంప్‌ను వాసన చూసి, దాని మీద దండ ఏసిండు.

"పోయింది గిదే గద. ఇగ లేపుండ్రి, మగ్గాలు ఆగినయి."

నేను, పెంటయ్య కాక చెరో దిక్కు పట్టి దాన్ని బయటికి మోసినం. లచ్చవ్వ ముందు నడిసింది. అది వాకిలి దాటినంకనే వాడల మగ్గాలు మల్ల షురూ అయినయి.

తెల్లారి బాపును దవాఖానకు తీస్కపోయిన. "నీ గుండె గట్టిదే" అన్నడు డాక్టర్. నా గుండెను ఎవలు చూడలే.

నిన్న షాపాయన ఫోన్ జేసిండు. "సార్, ప్రీ-యాంప్ పక్కన పెట్టిన. ఎప్పుడొస్తరు?"

"దినాలు అయినంక వస్త" అన్న.