మీగడ రంగు గేమూ, మేనమామ ఒడీ

పాప నిద్రపోయాక నాకు రెండు పనులుంటాయి. దాని ఊపిరి వినడం ఒకటి. వింటున్నంతసేపూ నా చేతుల్ని ఊరికే ఉంచకుండా దేనిలోనో పెట్టడం రెండోది. ఈ మధ్య రాత్రిళ్ళు ఇలా కాగితాలు నింపుతున్నాను. అంతకుముందు కొన్ని నెలలపాటు వీడియో గేమ్ ఆడాను. ఎమ్మెస్సీ చదివిన మనిషి, అందులోనూ చంటిపిల్ల తల్లి, మధ్యాహ్నాలు కూర్చుని వీడియో గేమ్ ఆడిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మొదట్లో నాకూ సిగ్గేసేది. కాలింగ్ బెల్ మోగితే దిండు కిందికి తోసేసేదాన్ని.

అది సబ్బుబిళ్ళ కంటే కాస్త పొడుగు, పలుచన. మీగడ రంగు, అంచులకి మెరూన్, కుడిపక్క రెండు గుండ్రటి బొత్తాలు, ఎడమపక్క కూడిక గుర్తులాంటి మీట. అప్పుడే కొత్తగా వచ్చిన వస్తువు. చేసినవాళ్ళు కావాలనే దానికి ఇరవై ఏళ్ళ కిందటి ఏదో యంత్రం మొహం పెట్టారట. ఆ పాత యంత్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. అయినా చేతిలోకి తీసుకోగానే, ఇది మాదే, ఎక్కడో పెట్టి మరిచిపోయాం అనిపించింది. లోపలున్న ఆటల్లో నేను ఆడింది ఒకటే. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, వాటిని తిప్పి, జరిపి, వరసలు నింపాలి. ఆ ఆట మాత్రం నిజంగానే మాది. నాదీ, మా తమ్ముడిదీ.

కాకినాడలో మా చిన్నప్పుడు నాన్న ఎగ్జిబిషన్లో ఒక బూడిద రంగు గేమ్ కొన్నారు. పచ్చటి తెర మీద నల్లటి చుక్కల ముక్కలు. దానికి రెండు పెన్సిల్ సెల్స్ కావాలి. అవి నీరసించిపోతే డాబా మీద ఎండలో పెట్టేవాళ్ళం, అప్పటికీ పని చేయకపోతే పంటితో నొక్కేవాళ్ళం. ఒకళ్ళ ఆట అయిపోయాకే రెండోవాళ్ళకివ్వాలన్నది అమ్మ పెట్టిన రూలు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు మా తమ్ముడు. నా వంతు వచ్చినప్పుడు పక్కన కూర్చోడు. వెనక నుంచి నా భుజం మీద గడ్డం ఆనించి, ఎడమకి తొయ్యి, తిప్పు, ఇంకోసారి తిప్పు అని చెవిలో అరుస్తూనే ఉంటాడు. వాడి గడ్డం గుచ్చుకునేది. అవతలికి తోస్తే మళ్ళీ వచ్చి అక్కడే పెట్టేవాడు.

నేను పెళ్ళయి దేశ రాజధానిలో ఉన్న ఈ ద్వారకకి వచ్చిన ఏడాదే వాడికి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఊరి ఈ చివర నేను, ఆ చివర వాడు. హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి ఆదివారాలు వచ్చేవాడు. వస్తూనే ఫ్రిజ్ తెరిచి, గిన్నె గిన్నెతోనే బయటికి తీసి తినేవాడు. మా ఆయన, మీ తమ్ముడొస్తే మనం సోమవారం ఉపవాసమే అని నవ్వేవారు.

మా అమ్మాయి ఎనిమిదో నెలలోనే పుట్టింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఎవరిని పడితే వాళ్ళని ముట్టుకోనివ్వద్దు, జ్వరం, దగ్గు, ఒంటి మీద పొక్కులు ఉన్నవాళ్ళని గదిలోకే రానివ్వద్దు అని. నాకా మాటలు చెవుల్లో కాదు, ఎముకల్లోకి వెళ్ళాయి. అమ్మకి అప్పుడే మోకాలి ఆపరేషనయింది, కదలలేదు. నాన్న ఆవిడని వదిలి రాలేరు. పురుడు పోయడానికి మా అత్తయ్యగారు వచ్చారు. ఇరవై ఒకటో రోజు బారసాలకి మా పుట్టింటి తరఫున రాగలిగింది తమ్ముడొక్కడే.

ఆ రోజు ఇల్లు నిండా మా వారి తరఫువాళ్ళే, ఊళ్ళోనే ఉన్న ఆర్.కె. పురం నుంచి కూడా వచ్చారు. వీడు కొత్త చొక్కా వేసుకుని, చేతిలో రంగు కాగితం చుట్టిన పొట్లంతో వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పుతూ, ఆలస్యమెందుకయిందో చెప్పుకొచ్చాడు. హాస్టల్లో వాడి రూమ్మేట్‌కి అమ్మవారు పోసిందట, ఒళ్ళంతా పొక్కులట, వాణ్ణి పొద్దున్నే రైలెక్కించి వచ్చాడట.

నేను ఉయ్యాల పక్కన నిలబడి ఉన్నాను. వాడు చేతులు చాపుకుంటూ రెండడుగులు వేశాడు.

"అక్కడే ఆగు" అన్నాను.

వాడు నవ్వాడు. ఇంకో అడుగు వేశాడు.

"చెప్తుంటే వినపడదా? పాప దగ్గరికి రాకు. బయటికి నడు."

వాడి మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వాడు బాల్కనీలోకి వెళ్ళి, ఆరేసిన గుడ్డల పక్కన నిలబడ్డాడు. భోజనం ప్లేటు మా ఆయన అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చారు. పాపని ఉయ్యాలలో వేయడం, పేరు పెట్టడం వాడు అద్దం తలుపు అవతల నుంచి చూశాడు. వెళ్ళేటప్పుడు పొట్లం చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళాడు. సాయంత్రం అత్తయ్యగారు పళ్ళేలు సర్దుతూ, నాకు వినపడేలాగే అన్నారు, "మేనమామని బాల్కనీలో నిలబెట్టి చేసిన బారసాల ఇదే చూడ్డం."

నాకు కోపమొచ్చింది. పిల్ల ఒంటి మీదికొస్తే ఎవరు చూస్తారని మనసులో అనుకున్నాను. పొట్లాన్ని డెటాల్ గుడ్డతో తుడిచి రెండు రోజులు ఎండలో పెట్టి, అప్పుడు విప్పాను. మీగడ రంగు గేమ్ అందులో ఉంది. హాస్టల్లో సీనియర్ దగ్గర కొన్నాడని తర్వాత తెలిసింది.

అత్తయ్యగారు ఊరెళ్ళిపోయాక పగలంతా ఇంట్లో నేనూ పాపా మిగిలాం. పాప పక్క మీద పడుకునేది కాదు, నా భుజం మీదే. పడుకోబెడితే లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, ఏడిస్తే నీలంగా అవుతుందని నా భయం. అందుకని మధ్యాహ్నాలు రెండేసి గంటలు గోడకి చేరగిలబడి కదలకుండా కూర్చునేదాన్ని. పుస్తకమయితే పేజీ తిప్పాలి, టీవీ అయితే చప్పుడు. ఈ గేమ్‌కి గొంతు నొక్కేయొచ్చు. తెరకి దాని వెలుతురు దానికే ఉంది, పరదాలు వేసుకున్నా, కరెంటు పోయినా ఫరవాలేదు. కుడిచేత్తో పాపని పట్టుకుని, ఎడమ బొటనవేలితో ముక్కల్ని జరిపేదాన్ని. తిప్పాల్సి వస్తే గేమ్‌ని మోకాలికి ఆనించి, పాప వీపు మీది చెయ్యి తీయకుండానే ఎడమచేతి వేలే బొత్తాం దాకా చాపేదాన్ని. అన్నిటికంటే నాకు నచ్చింది దాని ఓపిక. పాప కదిలిందంటే ఒక బొత్తాం నొక్కి పక్కన పడేయొచ్చు. పాలిచ్చి, గుడ్డ మార్చి, గంట తర్వాత వచ్చి చూస్తే ముక్క గాలిలో అక్కడే ఆగి ఉండేది. ఆ రోజుల్లో నా కోసం ఆగింది అదొక్కటే.

తమ్ముడు మాత్రం రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు, బాగానే మాట్లాడేవాడు. పాపెలా ఉంది, బావగారెలా ఉన్నారు అని వరసగా అడిగేవాడు. రమ్మంటే ల్యాబ్ అనేవాడు, ఇంకోసారి ఇంటర్నల్స్ అనేవాడు. తిట్టినా బాగుండేది.

ఒక మధ్యాహ్నం ఆడుతున్నాను. చాలాసేపటి నుంచి ఒక పొడుగు ముక్క కోసం చూస్తున్నాను, రావడం లేదు. గుట్ట పైదాకా వచ్చేసింది. అలాంటప్పుడు వాడు ఊపిరి బిగబట్టి నా మెడ మీద వదిలేవాడు కదా అనుకున్నాను. ఆ తలపు వెంట, వాడు అలా భుజం మీదికి రాకుండా విడిగా చాప మీద పడుకుని ఆడిన రోజులు గుర్తొచ్చాయి. చుట్టూ వేపాకు రెమ్మలు. మొహం నిండా, వేళ్ళ సందుల్లో కూడా పొక్కులు. వాడికప్పుడు ఏడేళ్ళు. గోళ్ళతో గీరుకోకుండా ఉండాలంటే చేతులకి పని ఉండాలని, నా వంతులన్నీ వాడికే ఇచ్చేశాను. పక్కన కూర్చుని వేపరెమ్మతో విసిరాను. వాడికి తగ్గేవేళకి నాకు పోసింది.

చేతిలో ముక్కలు పైకంటా పేరుకుపోయి ఆట అయిపోయింది.

వాడికి ఎప్పుడో పోసి తగ్గిపోయింది. ఒకసారి పోసినవాళ్ళకి మామూలుగా మళ్ళీ రాదని తెలియనిదాన్ని కాదు. పక్కన కూర్చుని విసిరిన చెయ్యి నాదే. అదే చెయ్యి చూపించి బయటికి నడవమన్నాను.

అప్పుడే ఫోన్ చేశాను. "నీకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది కదరా" అన్నాను.

"అవునక్కా."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

వాడి వెనక ఎవరో హిందీలో క్యారమ్స్‌కి పిలుస్తున్నారు. వాడు వాళ్ళకేదో చెప్పి, తర్వాత నాతో అన్నాడు, "నీకు గుర్తుంటుందిలే అనుకున్నా."

మా ఇళ్ళల్లో అక్కలు తమ్ముళ్ళని క్షమించమని అడగరు. ఆ మాటలు మాకు నేర్పలేదు. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.

ఐదో నెల వచ్చింది. ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాశన చేయాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి మొదటి ముద్ద పెట్టించాలి. పంతులుగారు ముహూర్తం ఆదివారం పొద్దున అన్నారు. తమ్ముణ్ణి పిలిస్తే, ఆ సోమవారం నుంచే పరీక్షలన్నాడు, ఎవరో ఒకళ్ళ ఒళ్ళో చేయించెయ్యక్కా అన్నాడు. మా ఆయన, ఆఫీసులో తెలుగువాళ్ళున్నారు, వాళ్ళలో ఒకళ్ళని బావమరిది వరస అనుకుంటే సరిపోదా అన్నారు. అత్తయ్యగారు ఫోన్లో అదే అన్నారు. నేను రెండు రోజులు ఆలోచించాను. ఈసారి ఇంకొకళ్ళ ఒడి అయితే, ఇక పుట్టువెంట్రుకలకీ అంతే, చెవులు కుట్టేటప్పుడూ అంతే. వాడు మర్యాదగా ఫోన్లో పాప ఎలా ఉందని అడిగే బంధువయిపోతాడు.

శనివారం రాత్రి మా ఆయనతో చెప్పాను, మనమే అక్కడికి వెళ్దామని.

"హాస్టల్ గేటు దగ్గర అన్నప్రాశనా?" అన్నారాయన. టీకాలకి తప్ప నేను పాపని కింద పార్కుకైనా తీసుకెళ్ళలేదని ఆయనకి తెలుసు. నా మొహం చూసి, కారులో పెట్రోలుందో లేదో చూసొస్తానని లేచారు.

పొద్దున్నే లేచి పరమాన్నం వండి వెండిగిన్నెలో పెట్టుకున్నాను. చెంచా మూడుసార్లు మరిగించాను. దారంతా అద్దాలు దించనివ్వలేదు. యమున దాటేటప్పుడు పాపకి ఎక్కిళ్ళొచ్చాయి, నేను కారాపమన్నాను, మా ఆయన ఆపారు, ఎక్కిళ్ళు వాటంతటవే తగ్గాయి. వెనక్కి పోదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

గేటు దగ్గర గార్డు, "దీదీ, అందర్ లేడీస్ అలౌడ్ నహీ" అన్నాడు, లోపలికి ఆడవాళ్ళని రానివ్వరని. పక్కన రేకుల పందిరి కింద సిమెంటు బెంచీలున్నాయి, చూడ్డానికొచ్చినవాళ్ళ కోసం. అక్కడ కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. నేను గేటు దగ్గరున్నానంటే నమ్మలేదు.

నిక్కరుతో, చేతిలో పుస్తకంతో వచ్చాడు. సన్నబడ్డాడు. బెంచీకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. నా ఒళ్ళో పాపని చూశాడు, గిన్నె చూశాడు. పుస్తకం పక్క బెంచీ మీద పడేసి పంపు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. తడి చేతులు దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుని వచ్చాడు. దారికడ్డంగా కుక్క పడుకుంటే చుట్టూ తిరిగి వచ్చాడు. నేను వాడికి నేర్పింది ఇదీ అనిపించింది.

"మా గదిలో ఇద్దరికి జలుబక్కా. నాకు లేదు. ముందే చెప్తున్నా" అన్నాడు.

పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను, అబద్ధమెందుకు. "నేనేం వాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టడానికి రాలేదు గానీ, కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. పాపని వాడి ఒళ్ళో పెట్టాను. ఎలా పట్టుకోవాలో తెలియక చేతులు బిగించాడు. నేను సర్దబోయి ఆగాను, వాడే సర్దుకున్నాడు. మా ఆయన సెల్లులో టైమ్ చూసి, కానీయండి అన్నారు. వాడు చెంచా కొసన నాలుగు మెతుకులు తీసి పాప నోట్లో పెట్టాడు. అది ఆలోచించి, సగం మింగి, సగం వాడి చొక్కా మీదికి ఊసింది. మెట్ల మీద తువ్వాళ్ళతో నిలబడి చూస్తున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకడు, "మామా బన్ గయా తూ" అని, మేనమామవయిపోయావురా అన్నట్టు అరిచాడు. తమ్ముడు తలెత్తలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

మిగిలిన పరమాన్నం వాడే గిన్నెతో తినేశాడు. పరీక్షల గురించి మా ఆయన అడిగినవాటికి జవాబులు చెప్పాడు. నాతో పెద్దగా మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు. ఈలోగా పాప వాడి భుజం మీద నిద్రపోయింది. మెస్ గంట కొట్టారు. కుర్రాళ్ళు పళ్ళేలు తీసుకుని వెళ్ళిపోయారు. మా ఆయన కారు స్టార్ట్ చేశారు. నేను వెనక తలుపు తీసి, పాప కోసం చేతులు చాపాను.

వాడు ఇవ్వలేదు. కళ్ళు పాప మీదే పెట్టి, "ఇంకో ఐదు నిమిషాలక్కా" అన్నాడు.

నేను తలుపు మూసి, ఇంజన్ ఆపమని ఆయనకి సైగ చేసి, వచ్చి వాడి పక్కన బెంచీ మీద కూర్చున్నాను.