చేతులు మారని వాల్వు కీ

1988 జూన్‌లో నేను కువైట్‌లోని ఒక వ్యవసాయ కళాశాలలో ప్రచురణల అధికారిగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో వ్యవసాయ పేజీ చూశాను. ఆ కళాశాలను అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల పద్ధతిలో నడుపుతున్నామని డీన్ గర్వంగా చెప్పేవారు. ఆ పద్ధతిలో సర్కారు భూమి ఇస్తుంది. అందుకు బదులు విశ్వవిద్యాలయం పాఠం చెప్పాలి, పరిశోధన చెయ్యాలి, తెలుసుకున్నదాన్ని సాగుచేసేవాడి దాకా తీసుకెళ్ళాలి. ఈ మూడోదాన్ని విస్తరణ అంటారు. దానికి కావలసిన కరపత్రాలు, గోడపత్రాలు రాయడం నా ఉద్యోగం.

హోదాల వరసలో డీన్, ప్రొఫెసర్లు, రీసెర్చ్ అసోసియేట్లు, టెక్నీషియన్లు, అందరికంటే కింద లేబర్. నేను ఈ వరసలో ఎక్కడా ఇమడని బోధనేతర సిబ్బందిని. భోజనశాలలో ప్రొఫెసర్ల బల్ల దగ్గర కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. టెక్నీషియన్ల బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళు లేచి నిలబడేవారు. చివరికి నాకు చోటు దొరికింది ప్రయోగ క్షేత్రంలో, ఖర్జూర పిలకల మీద కట్టిన నీడవల కింద, ఓబులేసు పక్కన. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా అక్కడే విప్పేవాణ్ణి.

ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. నీటి విభాగంలో లేబర్. ఉండేది మంగఫ్‌లో, కార్మికుల గదుల్లో. భార్య లక్షుమ్మ రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది.

నీటి విభాగానికి ఒక కట్టుబాటు ఉండేది. ప్రధాన పైపు వాల్వు తిప్పడానికి మూరెడు పొడవున్న ఇనుప కీ ఒకటే ఉంటుంది. షిఫ్టు దిగేవాడు దాన్ని షిఫ్టు ఎక్కేవాడి చేతిలో పెట్టాలి. గోడకు తగిలించకూడదు, బల్లమీద పెట్టకూడదు. ఒకసారి ఎవరో తగిలించి వెళ్ళిపోతే ఒక మడి పిలకలన్నీ మాడిపోయాయి. అప్పుడు డీన్ ఆదేశం మీద నేనే నాలుగు భాషల్లో గోడపత్రం రాశాను. తెలుగులో ఇలా ఉండేది: కీ మరొకరి చేతిలో పెట్టేవరకు నీ షిఫ్టు ముగియదు.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ ఉదయం కీ ఓబులేసు చేతిలో ఉంది. తరువాతి షిఫ్టువాడు రాలేదు. ఇక ఎవరూ రాలేదు.

డీన్ అప్పటికే వేసవి సెలవుల్లో విదేశంలో ఉన్నారు. పరిపాలనాధికారి సత్యమూర్తి గారు అమలాపురం మనిషి, తొలి వాహనాల్లోనే అమ్మాన్ దారి పట్టారు. ఊళ్ళో ఉన్న కువైటీలు ఆఫీసులకు వెళ్ళడం మానేశారు. ఆక్రమించినవాడి కింద పనిచెయ్యకపోవడమే వాళ్ళ ప్రతిఘటన. ఓబులేసు మాత్రం కంపెనీ బస్సు ఆగిపోతే నడిచి, ఫారానికి వెళ్ళి నీళ్ళు పెట్టి వచ్చేవాడు.

ఒకరోజు మంగఫ్‌లో అతని గదికి వెళ్ళాను. పక్క మంచం మీది వీరన్న అతణ్ణి ఆటపట్టిస్తున్నాడు.

"ఇరాకోళ్ళు జీతమిస్తాండారేమిరా ఓబులేసా?"

"ఇస్తే నీకే ఇమ్మంటాలే. పండుకునే పని నీకంటే బాగా ఎవురు చేస్తారు?"

వెళ్ళొద్దని నేనూ చెప్పాను. గేటు దగ్గర సైనికులున్నారు, కాల్చినా అడిగేవాడు లేడన్నాను.

"రొండు దినాలు నీళ్ళు లేకుంటే పిలకలు నిలబడవు సార్. వానికి నాలుగు ఖర్జూరాలిస్తే లోపలికి ఇడుస్తాండాడు. ఈ మాట లక్షుమ్మ వాళ్ళ మామాతో గూడా చెప్పిందంట. ఆఫీసు కుర్చీలో కూచుంటే తప్పుగానీ చెట్టుకు నీళ్ళు పోస్తే తప్పేముంది, యల్లా, పొమ్మనిందంట ఆ యమ్మ."

మామా అంటే లక్షుమ్మ పనిచేసే ఇంటి యజమానురాలు, అరవై దాటిన కువైటీ ఇల్లాలు. ఇల్లు విడిచి ఎక్కడికీ పోలేదు.

సెప్టెంబరులో నేను బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బొంబాయి చేరాను. ఓబులేసు రాలేదు. కీ ఎవరికి ఇచ్చి రావాలని నన్నే అడిగాడు.

మరుసటి ఏడాది, దేశం విముక్తమయ్యాక, వేసవిలో తిరిగి విధుల్లో చేరాను. ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శినులు లేవు, కుర్చీలు కూడా లేవు. ఆకాశం చమురు మంటల పొగతో నల్లగా ఉంది. నీడవల కింద మాత్రం పిలకలు బతికే ఉన్నాయి, అన్నీ కాకపోయినా సగానికి పైగా. ఓబులేసు సబ్బునీళ్ళతో ఆకుల మీది మసి కడుగుతున్నాడు.

రెండు వారాల తరువాత విచారణ సంఘం కూర్చుంది. డీన్ అధ్యక్షుడు, సత్యమూర్తి గారు కార్యదర్శి. పత్రికలో పనిచేసినవాణ్ణి కాబట్టి మాటలు రాసుకునే పని నాకు అప్పగించారు. ఆక్రమణ కాలంలో విధులకు హాజరైనవారి నడవడిని విచారించడం దాని పని. మొదట పిలిచింది ఓబులేసును. మా ముగ్గురికీ కుర్చీలు దొరికాయి. అతణ్ణి నిలబెట్టారు.

"ఎందుకెళ్ళావయ్యా ఫారానికి? అందరూ మానేస్తే నువ్వొక్కడివే ఎందుకెళ్ళినట్టు?" అన్నారు సత్యమూర్తి గారు.

"కీ నా కాడుండె సార్."

"కీ సంగతి తర్వాత. కాలేజీ ఖర్జూరాలు ఇరాకీ సైనికుడికి పెట్టావంట. నిజవేనా?"

"పెట్టినా సార్. పెట్టకుంటే లోపలికి ఇడ్సడే."

"చూశారాండి, ఒప్పేసుకున్నాడు!" అని ఆయన నాతో అని, అదే డీన్‌కు ఇంగ్లీషులో చెప్పారు.

నేను కలం కింద పెట్టాను. కీ చేతికే ఇవ్వాలన్న నియమం మనదేననీ, డీన్ ఆదేశం మీద నేనే రాశాననీ, ఆ గోడపత్రం ఇప్పటికీ పంపుగది తలుపు మీదే ఉందనీ చెప్పాను. ఇక్కడే ఉండి అన్నీ అనుభవించిన కువైటీ ఇల్లాలికి కనిపించని తప్పు, ఇక్కడ లేని మనకెలా కనిపిస్తోందని అడిగాను. ఆక్రమణతోనే నియమాలన్నీ రద్దయినట్టు లెక్క అని డీన్ శాంతంగా అన్నారు. ఆ రద్దు సంగతి ఓబులేసుకు ఎవరు చెప్పారని అడిగాను. రాసుకోవడం వరకే నా పని అని ఆయన గుర్తుచేశారు. ఏటా స్నాతకోత్సవంలో, మా కళాశాలలో పైపు పట్టుకున్నవాడూ ఆచార్యుడేనని చెప్పింది ఈయనే. ఆ ప్రసంగాన్ని ఏటా అచ్చువేసింది నేను.

ఓబులేసు ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకునే అనుమతి, పొడిగించరాదని తీర్మానించారు. నా అసమ్మతి రాతపూర్వకంగా ఇచ్చాను. దాన్ని నివేదికకు జతచెయ్యలేదు. అదే నివేదికలో, కళాశాల ముందుచూపు వల్ల ఖర్జూర పిలకలు దక్కాయని ఒక పేరా ఉంది. దాన్ని బులెటిన్‌లో వెయ్యమన్నారు. వెయ్యనన్నాను. వేరొకరి చేత వేయించారు.

ఆ రోజు తీర్మానం చదవగానే, "ఖలాస్. కీ బల్లమీద పెట్టేసి వెళ్ళు" అన్నారు సత్యమూర్తి గారు.

ఓబులేసు కదల్లేదు. "బల్లమీద పెట్టగూడదు సార్. ఎవురి చేతికియ్యల్ల?"

ఎవరూ చెయ్యి చాపలేదు. నేను లేచి తీసుకున్నాను. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఆ పూట నీళ్ళు నేనే పెట్టాను. కొత్త మనిషిని వేసేదాకా కీ నా దగ్గరే ఉంది.

ఒక సంస్థలో ఎవరి స్థానం ఏమిటో దాని స్నాతకోత్సవ ప్రసంగాలు చెప్పవు. ఆపద గడిచాక ఎవరిని కూర్చోబెట్టి మాట్లాడారో, ఎవరిని నిలబెట్టి అడిగారో చూడాలి. ఆ తరువాత నేను పనిచేసిన ప్రతిచోటా ముందుగా చూసింది అదే.