యాదమ్మ నోరు తెరిచిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అయినా నా దేవుడు చేసిన మేలును దాచుకోలేక మీ ముందు కూర్చున్నాను. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో మేట్రన్‌గా ఉన్నన్నాళ్ళూ ఏ అమ్మాయి గదిలోకీ తలుపు తట్టకుండా వెళ్ళని నేను, పక్షవాతంతో కుడిపక్క పడిపోయి, తార్నాకలో ఒక వృద్ధాశ్రమంలో మంచం పట్టాను. అక్కడ పరదా లేదు, తలుపు వేసేవారు కాదు, వరండాలో మనుషులు తిరుగుతుండగానే నా బట్టలు మార్చేవారు! తలుపు వెయ్యమని బతిమాలితే, "ముసలితనంల సిగ్గేందమ్మా, జర గాలి రానియ్యి" అని ఆయా నవ్వేది. ఆ సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననుకునేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె నా ఒళ్ళు తుడుస్తుండగా, నా మీద నూలుపోగు కూడా లేనప్పుడు, మన సంఘంవారే పండ్లు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చారు! ముందున్న సహోదరుడు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి వీడియో తీస్తూనే లోపలికి అడుగుపెట్టాడు. ఆయా తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది! దుప్పటి కాళ్ళ దగ్గర ఉంది, అందుకుందామంటే కుడిచెయ్యి లేవదు, ఎడమచెయ్యి అందదు. కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, నన్ను కప్పు! నీ చెయ్యి చాపు తండ్రీ!" అని లోలోపలే కేక వేశాను.

అప్పుడు పక్క మంచం మీది యాదమ్మ, మౌలాలి నుంచి వచ్చిన పెద్దావిడ, మన విశ్వాసి కూడా కాదు, నేను చేరిన నాటి నుంచి ఒక్క మాటా మాట్లాడకపోతే మాట పడిపోయిందనే అందరం అనుకున్నాం, ఆ యాదమ్మ లేచి కూర్చుంది!

"ఏందిరా గా పని? ఫోను బంద్ చెయ్యి! మీ అమ్మనైతే గిట్లనే చూస్తరా? నడువుండ్రి బయటికి!" అని అరిచి, తన దుప్పటి లాగి నా మీద వేసింది!

అందరూ గబగబా బయటికి నడిచారు. ఆ సహోదరుడు వీడియో చెరిపేసి, గుమ్మం అవతలే నిలబడి, "తప్పయిందమ్మా" అని ఏడ్చాడు. ఆ వారంలోనే తానే వచ్చి మా మంచాల చుట్టూ పరదాలు కట్టాడు. ఆశ్రమం నడిపే అమ్మ కూడా ఆయాలతో, "ఇగ తలుపు ఏసినంకనే బట్టలు మార్చాలె" అని గట్టిగా చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు యాదమ్మా?" అని అడిగాను.

"నువ్వు రాకముందు నన్ను గూడ గట్లనే చేసిండ్రు చెల్లె. ఎంత మొత్తుకున్నా ఎవలు ఇనలే. అందుకే మాట బంద్ చేసిన."

నేను చేతికందే దూరంలో పడుకుని కూడా ఆమె బాధ వినలేదు, కానీ దేవుడు మా ఇద్దరి మొరా ఒకేసారి విన్నాడు. నా చెయ్యి ఇంకా లేవలేదు, అయినా చచ్చిపోవాలనుకున్న నా ప్రాణాన్ని ఆయన విడిపించాడు, ఆయనకే మహిమ! మంచాన పడి, నా మాట ఎవరు వింటారని నోరు మూసుకున్నవారు మీ ఇంట్లో ఉంటే వెళ్ళి వారి పక్కన కూర్చోండి. అలా మూసుకున్నది మీరే అయితే, ఆయనను పిలవండి, వింటాడు.